మాధ్యమ అక్షరాస్యత (ప్రజారోగ్య సంక్షోభాలు)

మాధ్యమ అక్షరాస్యత లేదా మీడియా లిటరసీ అనగా పత్రికలు, టెలివిజన్, అంతర్జాలం ద్వారా అందే సమాచారాన్ని ఎవరు, ఏ ఆధారంతో చెబుతున్నారో విచారించి స్వీకరించగల నేర్పు. అంటువ్యాధులు ప్రబలినపుడు ఇది ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది. మద్యం కోవిడ్‌ను నివారిస్తుందన్న వదంతిని నమ్మి 2020లో ఇరాన్‌లో మిథనాల్ కలిసిన మద్యం త్రాగి వందలాది మంది మరణించారు. చాలా కుటుంబాలలో ఇటువంటి సందేహాలు కళాశాలలో చదివే పిల్లల వద్దకే వస్తాయి కనుక, విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఈ నేర్పు అలవరచడానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

సమాచార మహమ్మారి

నిజమూ అబద్ధమూ కలగలిసి మితిమీరి వ్యాపించగా, నమ్మదగినదేదో తెలియని స్థితిని ఇన్ఫోడెమిక్ అంటారు. 2003లో సార్స్ వ్యాధి గురించి వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో వ్రాసిన వ్యాసంలో డేవిడ్ రోత్‌కాఫ్ ఈ పదాన్ని వాడాడు. 2020 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ అధనోమ్ మ్యూనిక్ భద్రతా సదస్సులో ప్రస్తావించడంతో ఇది ప్రసిద్ధమైంది. కోడిమాంసం తింటే కోవిడ్ సోకుతుందన్న వదంతి ఆ రోజులలోనే తెలుగునాట వ్యాపించి కోళ్ళ పరిశ్రమను దెబ్బతీసింది. చివరకు ఫిబ్రవరి 28న హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదికపై కోడిమాంసం తిని చూపవలసి వచ్చింది.

పార్శ్వ పఠనం

చదువుకున్నవారు మోసపోరన్నది అపోహ. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 10 మంది చరిత్రకారులను, 10 మంది వృత్తిరీత్యా వాస్తవ పరిశీలకులను, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. వారికి చూపిన సైట్లలో రెండు పిల్లల వైద్యుల సంఘాలవి. ఒకటి 1930లో ఏర్పడిన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. ఇది వేలాది వైద్యులున్న వృత్తి సంఘం. రెండవది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్. స్వలింగ జంటల దత్తతను అకాడమీ సమర్థించినందుకు విభేదించినవారు 2002లో పెట్టుకున్న చిన్న వర్గమిది. విద్యార్థులు పేజీని శ్రద్ధగానే చదివారు. పేరు, చిహ్నం, క్రింద ఇచ్చిన ఆధారాల పట్టిక, ప్రకటనలు లేకపోవడం గమనించి, సగానికి పైగా రెండవదే ఎక్కువ నమ్మదగినదన్నారు. వాస్తవ పరిశీలకులు మాత్రం ఆ పేజీని వదలి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమి వ్రాశారో వెదికి, త్వరలోనే సంగతి గ్రహించారు. ఈ పద్ధతినే పార్శ్వ పఠనం అంటారు.

బోధన

మైక్ కాల్‌ఫీల్డ్ 2019లో దీనిని నాలుగు అడుగులుగా కూర్చాడు. ముందు ఆగాలి, తరువాత చెప్పినవారెవరో విచారించాలి, అదే విషయంపై మెరుగైన కథనం వెదకాలి, మాటనైనా బొమ్మనైనా దాని తొలి చోటు వరకు అనుసరించాలి. చివరి అడుగు ఎంత అవసరమో టీకా వదంతులు తెలుపుతాయి. ఎం.ఎం.ఆర్. టీకాకూ ఆటిజానికీ సంబంధమున్నదని సూచించిన వేక్‌ఫీల్డ్ వ్యాసం 1998లో లాన్సెట్‌లో వచ్చిన మాట నిజమే. అయితే అది 12 మంది పిల్లలపై ఆధారపడినదనీ, 2010లో లాన్సెట్ దానిని ఉపసంహరించిందనీ మూలం వరకు వెళ్ళినవారికే తెలుస్తుంది.

ఇబ్బందులు

సంక్షోభంలో శాస్త్ర సలహాలే మారుతుంటాయి. జనసామాన్యం మాస్కు ధరించడాన్ని 2020 ఆరంభంలో సిఫారసు చేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ, జూన్‌లో ఆ సలహాను మార్చింది. అనుమానించడం మాత్రమే నేర్చిన విద్యార్థి ఇటువంటి మార్పును కూడా అబద్ధంగా భావించే ప్రమాదముంది. సమీక్ష జరగకముందే వెలువడే పరిశోధనా పత్రాలు మరో చిక్కు. ఇక వాట్సాప్ సందేశాలకు వ్రాసినవారి పేరే ఉండదు కనుక రెండవ అడుగు అక్కడ సాగదు. విద్యార్థి నేరుగా మూడవదానికి వెళ్ళి, అదే సంగతిని బయట వెదకవలసి ఉంటుంది.