రెండు తెడ్ల వడ్రంగి

మన జమ్మికుంట ప్రాంతమున నీటిపై పందెములాడు వాడుక లేదు. చెరువులో చేపలు పట్టువారి తెప్పను, వానకాలమున మానేరు నిండి పారుటను మన పిల్లలెరుగుదురు, అంతే. కావున ‘సింగిల్ స్కల్స్’ అను పందెమెట్టిదో ముందుగా చెప్పి, పిదప దానిలో ప్రపంచమునకెల్ల మొనగాడైన యొక వడ్రంగి చరిత్రను వ్రాయుచున్నాము.

ఈ పందెమున పడవకొక్కడే మనుష్యుడు. ఆతనికి రెండు తెడ్లు, చేతికొక్కటి. పడవ పొడవు ఇంచుమించు 27 అడుగులు; వెడల్పు మాత్రము మిక్కిలి తక్కువ. తెడ్లు వదలిన యెడల అది తలక్రిందగును. కూర్చుండు పీట చిన్న చక్రములపై ముందుకు వెనుకకు జరుగును గనుక, చూచువారికి చేతిబలముగా తోచునది నిజమునకు చాలవరకు కాళ్ల బలమే. మరియొక వింత యేమనగా, గమ్యమునకు వీపు త్రిప్పి కూర్చుండవలయును. ఎదుట కనబడునది తాను విడిచి వచ్చిన నీరే! దూరము 2000 మీటర్లు, అనగా సుమారు మైలుంబావు. ఈ పందెమునందే మన దేశపు సైనికుడు, రాజస్థానమువాడు, బజరంగ్ లాల్ తాఖర్ 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచెను.

ఇక మన వడ్రంగి. హెన్రీ రాబర్ట్ పియర్స్ 1905లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున జన్మించెను. జనులు బాబీ యని పిలిచిరి. తండ్రియు తెడ్డు పట్టుటలో పేరొందినవాడే. 1928లో బాబీ ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలకు పోయెను. అచట ఫ్రాన్సు దేశీయునితో పందెమాడుచుండగా గట్టుననున్న జనులు కేకలు వేసిరి. తిరిగి చూడగా ఒక బాతు తన పిల్లలను వరుసగా వెంటబెట్టుకొని పడవకడ్డముగా పోవుచుండెను. పియర్స్ తెడ్లాపి వానిని పోనిచ్చెను. ప్రత్యర్థి ముందుకు సాగిపోయెను. అయినను పియర్సే గెలిచెను. తుదిపోటీలో అమెరికా దేశీయుడైన కెన్నెత్ మయర్స్‌ను దాదాపు పది సెకనుల వ్యత్యాసముతో ఓడించి బంగారు పతకము పొందెను.

ఇట్టివానికి ఇంగ్లండునందలి హెన్లీ పందెములలో ప్రవేశము దొరకలేదు. అచటి ‘డైమండ్ స్కల్స్’ బహుమానము మిక్కిలి ఘనమైనది. కాని చేతిపనివాడు, కూలివాడు ఔత్సాహికుడు కాజాలడని వారి నిబంధన. వడ్రంగము చేతిపని గదా! కట్టె కోయువానికి కండబలము పెరుగుననియు, అది పెద్దమనుష్యులకు అన్యాయమనియు ఆ నిబంధనను సమర్థించువారు చెప్పెడివారు. కూర్చుండి తినువాడు దినమంతయు సాధన చేసికొనవచ్చుననుట వారికేల తోచలేదో మాకు తెలియదు. 1920లో అమెరికా దేశపు జాక్ కెల్లీని సయితము వారు త్రోసివేసిరి. ఆతడు ఇటుకపనివాడు. ఆ యేడు హెన్లీలో గెలిచిన జాక్ బెరెస్‌ఫర్డ్‌నే ఆ కెల్లీ ఆంట్వెర్ప్ ఒలింపిక్ క్రీడలలో ఓడించెను.

1930లో పియర్స్ కెనడాలోని హామిల్టన్ నగరమున జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య క్రీడలలో గెలిచి, ఆ దేశముననే నిలిచిపోయెను. అచట ఆతనికి లార్డ్ డ్యూవర్ తన సారాయి వ్యాపారమున అమ్మకపు ఉద్యోగమిచ్చెను. వెంటనే హెన్లీ తలుపులు తెరచుకొన్నవి! 1931లో పియర్స్ డైమండ్ స్కల్స్ గెలిచెను. ఉలి పట్టినంతకాలము అనర్హుడైనవాడు విస్కీ అమ్మగనే అర్హుడాయెను. ఆ వ్యాపారము మాకు రుచింపదు. కాని అంతకంటె ఆ నిబంధనయే మాకెక్కువ రోతగా నున్నది.

1932లో లాస్ ఏంజెలిస్‌లో ఆతడు మరల ఒలింపిక్ బంగారు పతకము గెలిచెను. ఈసారి అమెరికా దేశీయుడైన విలియం మిల్లర్ సుమారొక సెకను దూరమున వెనుకబడెను. మరుసటి యేడు ధనమునకాడు పందెములలో చేరి, టొరాంటోలో టెడ్ ఫెల్ప్స్‌ను ఓడించి ఆ తరగతియందును లోకవిజేత యయ్యెను. దానితో ఒలింపిక్ క్రీడలు ఆతనికి దూరమైనవి.

1936లో ఆస్ట్రేలియా పోలీసువారి ఎనమండుగురి జట్టును హెన్లీవారు నిరాకరింపగా గొప్ప అలజడి కలిగెను. 1937లో ఆ నిబంధనను మార్చిరి. 1947లోను, 1949లోను అచట డైమండ్ స్కల్స్ గెలిచినవాడు ఇటుకపనివాడైన ఆ జాక్ కెల్లీ కుమారుడు.

పియర్స్ కెనడాలోనే కాలము గడిపి 1976లో టొరాంటోలో మరణించెను.