సగటు 1.4 వచ్చింది, మరి ఆ నీళ్లు తాగొచ్చా? రిగ్రెషన్, హైపోథిసిస్ టెస్టింగ్ చేతితో ప్రాక్టీస్

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా బీబీఏ, బీకామ్ వాళ్ల కోసం. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఈ మధ్య మెసేజ్‌లు బాగా వస్తున్నాయి. అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఫార్ములాలు నోటికొచ్చినయి గానీ లెక్క యాడ మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు."

నాది కూడా బీటెక్‌లో ఇదే కథ. టేబుల్ చూడు, క్రిటికల్ వాల్యూ దాటిందా, "రిజెక్ట్" అని రాయి, మార్కులు తెచ్చుకో. దేన్ని రిజెక్ట్ చేస్తున్నానో మాత్రం తెలియదు. అది నాకు అర్థమైంది క్లాసులో కాదు, మా బావ వాటర్ ప్లాంట్ దగ్గర.

బావది మునుగోడు వైపు ఊరు. ఇరవై లీటర్ల క్యాన్లు ఆటోలో వేసి ఇంటింటికీ పంపిస్తాడు. ఒకరోజు ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, ఆటో మీద 'సేఫ్ వాటర్, ఫ్లోరైడ్ లిమిట్ లోపలే' అని రాపిద్దామనుకుంటున్న. తొమ్మిది వారాల టెస్ట్ రిపోర్టులున్నయి, సగటు 1.4. లిమిట్ 1.5 గద. రాపియ్యాల్నా?"

నేనేమన్నానో తెలుసా? "తక్కువే ఉంది కదా బావా, రాపించుకో" అన్నాను. ఐదు సెకన్లలో. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కదా, 1.4 కంటే 1.5 పెద్దదని తెలుసు! ఫోన్ పెట్టేశాక మనసు ఒప్పుకోలేదు.

ఎందుకంటే ఊరు అలాంటిది. నల్గొండ వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా. ఇక్కడ నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు, ఆవిరి పోయిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద గారలు, తర్వాత కీళ్లు, ఎముకలు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన కాళ్లతో ఎంతమంది పెద్దవాళ్లున్నారో తెలిసినవాళ్లకు తెలుసు. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్ నీరి సంస్థ తయారుచేస్తే, ప్రపంచమంతా దానికి "నల్గొండ టెక్నిక్" అనే పేరే ఉంది. ఇలాంటి విషయంలో పేరు రావడం సంతోషపడే సంగతి కాదు. తర్వాత మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాయి, పరిస్థితి చాలా మారింది. అయినా క్యాన్ నీళ్ల అలవాటు పోలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గైడ్‌లైన్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన భారతీయ ప్రమాణంలో అయితే ఉండాల్సిన హద్దు 1.0. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు ఒప్పుకుంటారు. బావ చూసుకున్నది ఆ పెద్ద నంబర్. సరే, దానితోనే చేద్దాం.

ఇవీ తొమ్మిది రీడింగ్‌లు. చేతితో లెక్క తెగేలా నేను కొంచెం సాఫీ చేశాను. పెన్ను, పేపర్ పట్టుకోండి, వీడియో పాజ్ చేసైనా రాసుకోండి:

1.1, 0.9, 1.3, 1.3, 1.4, 1.4, 1.8, 1.6, 1.8.

మొత్తం 12.6. తొమ్మిదితో భాగిస్తే 1.4. ఒక్కో రీడింగ్ ఈ 1.4కి ఎంత దూరంలో ఉందో తీసి, వర్గం చేసి కూడితే 0.72 వస్తుంది. దాన్ని 8తో భాగించాలి. తొమ్మిదితో కాదు, సగటు కోసం ఒక రీడింగ్ విలువ ముందే వాడేసుకున్నాం. 0.09 వచ్చింది. వర్గమూలం 0.3. ఇది స్టాండర్డ్ డీవియేషన్. దాన్ని తొమ్మిది వర్గమూలం, అంటే 3తో భాగిస్తే 0.1. ఇది స్టాండర్డ్ ఎర్రర్. సగటే ఎంత ఊగుతుందో చెప్పే నంబర్ ఇది.

టి = (1.4 − 1.5) ÷ 0.1 = −1.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు, గూగుల్ షీట్స్ కూడా చేస్తుంది. అసలు కథ ఇప్పుడు. హెచ్ నాట్ ఏంటి? తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్నే శూన్య పరికల్పన అంటారు.

బావ వైపు నుంచి చూడండి. "నా నీళ్లు బాగానే ఉన్నయి, కాదంటే నువ్వు నిరూపించు." అంటే హెచ్ నాట్: అసలు సగటు 1.5 లేదా అంతకంటే తక్కువ. దీన్ని కొట్టేయాలంటే టి ప్లస్ 1.860 దాటాలి (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 8, ఐదు శాతం, ఒకవైపు టెస్ట్). మనకొచ్చింది −1. కొట్టేయలేం. బావ ఖుష్.

ఇప్పుడు ఆ క్యాన్ కొనే ఇంటావిడ వైపు నుంచి చూడండి. "ఈ నీళ్లు మంచివని నువ్వు నిరూపించు, అప్పటిదాకా నేను నమ్మను." హెచ్ నాట్: అసలు సగటు 1.5 లేదా అంతకంటే ఎక్కువ. దీన్ని కొట్టేయాలంటే టి మైనస్ 1.860 కంటే కిందికి రావాలి. మనది −1 దగ్గరే ఆగింది. ఇక్కడా కొట్టేయలేం.

అవే నీళ్లు, అవే తొమ్మిది నంబర్లు, అదే టి. ఒకవైపు "ప్రమాదమని రుజువు కాలేదు", ఇంకోవైపు "మంచివని రుజువు కాలేదు". రెండూ నిజమే! ఆటో మీద ఏది రాయాలనేది మనం హెచ్ నాట్‌లో దేన్ని కూర్చోబెట్టామో దాన్ని బట్టి ఉంది. పరీక్షలో చాలామంది "హెచ్ నాట్‌ను యాక్సెప్ట్ చేశాం" అని రాస్తారు. దయచేసి రాయకండి. "కొట్టేయడానికి ఆధారం చాలలేదు" అని రాయండి. ఆ రెండింటికీ తేడా ఏంటో మా బావ క్యాన్ మీద చూశారు కదా.

మరి ఎవరి హెచ్ నాట్ తీసుకోవాలి? దీనికి ఫార్ములా లేదు. రెండు తప్పులు జరగొచ్చు. మంచి నీళ్లను చెడ్డవంటే బావకు కొన్ని వారాల వ్యాపారం పోతుంది, ఖర్చు పెరుగుతుంది. చెడ్డ నీళ్లను మంచివంటే, వంగిన ఎముకను మళ్లీ వెనక్కి తెచ్చే మందు లేదు. ఏ తప్పు మనం భరించలేమో, దాన్ని టైప్ వన్ ఎర్రర్ జాగాలో పెట్టాలి. ఎందుకంటే ఐదు శాతం దాటకుండా మనం కట్టిపడేసేది దాన్నే. కాబట్టి ఇంటావిడ హెచ్ నాటే కరెక్ట్. నిరూపించాల్సిన బరువు అమ్మేవాడి మీద ఉండాలి.

ఐదు శాతం మాత్రం దేవుడు రాసిందేం కాదు. ఇరవైలో ఒకటి అనేది అనుకూలంగా ఉంటుందని ఫిషర్ 1925 నాటి తన పుస్తకంలో వాడాడు, అదే అలవాటైపోయింది. టి టెస్ట్ పుట్టుక ఇంకా సరదాగా ఉంటుంది. గాసెట్ అనే ఆయన గిన్నిస్ బీరు కంపెనీలో ఉద్యోగి, చిన్న శాంపిల్స్‌తో ఎలా నిర్ణయం తీసుకోవాలన్నది ఆయన సమస్య. 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో అచ్చేశాడు. అంటే ఇది మొదటి నుంచీ బిజినెస్ స్టాటిస్టిక్సే! మనవాళ్ల సంగతికొస్తే, హైపోథిసిస్ టెస్టింగ్‌లో స్కోర్ టెస్ట్ అని ఒకటుంది, 1948లో ఇచ్చింది మన సి.ఆర్.రావు గారు. ఆంధ్ర యూనివర్సిటీలో చదివిన మనిషి, 2023లో 102 ఏళ్ల వయసులో పోయారు. పై చదువులకు వెళ్తే ఆ పేరు కనపడుతూనే ఉంటుంది.

బావకు మళ్లీ ఫోన్ చేసి "ఆగు బావా, తప్పు చెప్పిన" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. "మరి ఎన్ని టెస్టులు చేపియ్యాలె?" అన్నాడు. మంచి ప్రశ్న. సగటు 1.4, డీవియేషన్ 0.3 అలాగే ఉండి, రీడింగ్‌లు 36 అయితే స్టాండర్డ్ ఎర్రర్ 0.3 ÷ 6 = 0.05 అవుతుంది. టి −2. అక్కడ దాటాల్సింది −1.690. దాటేసింది. అంటే ఇంకో ఇరవై ఏడు టెస్టులు చేయిస్తే చాలు అనిపిస్తుంది కదా?

నేనూ అదే చెప్పబోయాను. అప్పుడు, చేయాల్సిన మొదటి పని చివర్లో చేశాను: గ్రాఫ్ గీశాను. పైన నంబర్లు మళ్లీ ఒకసారి వారాల వరుసలో చదవండి. మొదట్లో 1.1, 0.9. చివర్లో 1.8, 1.6, 1.8. పైకి ఎక్కుతున్నాయి!

టి టెస్ట్ ఏమనుకుంటుందంటే, ఈ తొమ్మిదీ ఒకే సంచిలోంచి కలిపి తీసిన చీటీలని. ఇక్కడ వారం వారం సంచే మారుతోంది. 1.4 అనేది వెనక జరిగిపోయినదాని సగటు, వచ్చే వారం క్యాన్‌లో ఉండేదాని సంగతి అది చెప్పదు. ఇక్కడ కావాల్సింది రిగ్రెషన్.

ఎక్స్ అంటే వారం, 1 నుంచి 9. సగటు 5. వై అంటే ఫ్లోరైడ్, సగటు 1.4. ఒక్కో వారానికి (ఎక్స్ − 5), (వై − 1.4) తీసి గుణించండి: 1.2, 1.5, 0.2, 0.1, 0, 0, 0.8, 0.6, 1.6. మొత్తం 6.0. ఎక్స్ తేడాల వర్గాలు: 16, 9, 4, 1, 0, 1, 4, 9, 16. మొత్తం 60.

స్లోప్ = 6 ÷ 60 = 0.1. ఇంటర్‌సెప్ట్ = 1.4 − 0.1 × 5 = 0.9.

వై = 0.9 + 0.1 ఎక్స్. వారానికి 0.1 చొప్పున పెరుగుతోంది. ఫోన్‌లో షీట్స్‌తో చేసేవాళ్లకు ఒక మాట, స్లోప్ ఫంక్షన్‌లో ముందు వై ఇవ్వాలి, తర్వాత ఎక్స్. మీకు 8.33 వస్తే తిరగేసి ఇచ్చారని అర్థం. నేను తిరగేసే ఇచ్చాను, అందుకే నంబర్ గుర్తుంది.

ఈ పెరుగుదల నిజమా, ఊరికే అలా పడిందా? మళ్లీ హైపోథిసిస్ టెస్టే. హెచ్ నాట్: అసలు స్లోప్ సున్నా. మొత్తం ఊగుడు 0.72 కదా, అందులో లైన్ లెక్క చెప్పింది 6 × 6 ÷ 60 = 0.60. మిగిలింది 0.12. దాన్ని 7తో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 0.131. దాన్ని 60 వర్గమూలంతో, అంటే 7.75తో భాగిస్తే 0.0169. టి = 0.1 ÷ 0.0169 = 5.92. టేబుల్‌లో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 7కి రెండువైపుల టెస్ట్ హద్దు 2.365. చాలా దూరం దాటింది. ఆర్ స్క్వేర్ 0.60 ÷ 0.72, అంటే 0.83.

పదో వారానికి లైన్ చెప్పేది 1.9. అది గురిచూసి చెప్పిన ఒక్క నంబర్, దాని చుట్టూ అటూఇటూ ఉంటుంది. తొంభై ఐదు శాతం ప్రిడిక్షన్ ఇంటర్వెల్ కడితే 1.52 నుంచి 2.28 వరకు వచ్చింది. కింది కొస కూడా 1.5 పైనే! సగటు "లిమిట్ లోపలే" అన్న అవే తొమ్మిది కాగితాలు, వచ్చే వారం క్యాన్ లిమిట్ దాటుతుందని చెప్తున్నాయి. ఆటో మీద రాసుకో అన్నది నేనే.

అలాగని లైన్‌ను గుడ్డిగా సాగదీయకండి. 52వ వారానికి ఇదే లైన్ 6.1 అంటుంది. బావ బోరులో నీళ్లు ఎత్తకముందే ఉన్నది 2.6. ప్లాంటు ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది గానీ పుట్టించదు కదా! డేటా ఉన్నంత మేరే లైన్‌కు విలువ.

ఇంకోటి. లైన్ "పెరుగుతోంది" అంది, "ఎందుకు" అనలేదు. బావ ఆర్వో మెంబ్రేన్ పాడైందని గట్టిగా నమ్మాడు, కొత్తది ఆర్డర్ పెట్టబోయాడు. నేను ఊరెళ్లి చూశాను. ఆర్వో నీళ్లు చప్పగా ఉంటాయని కొంచెం బోరు నీళ్లు కలపడానికి ఒక వాల్వ్ ఉంటుంది. ఎండాకాలం మొదలై క్యాన్లకు గిరాకీ పెరిగింది. తొందరగా నిండాలని పనిచేసే పిల్లాడు వారం వారం ఆ వాల్వ్ ఇంకొంచెం తిప్పుతున్నాడు. అడిగితే దాచకుండా చెప్పాడు, పాపం అతనికి అందులో తప్పు కనపడలేదు. వారాలు పెరగడం ఫ్లోరైడ్‌కు కారణం కాదు, వారాలతో పాటు గిరాకీ పెరిగింది, గిరాకీతో వాల్వ్. మెంబ్రేన్ డబ్బులు మిగిలాయి.

వాల్వ్‌ను ఒక జాగాలో బిగించి వైరు కట్టేశారు. తర్వాతి ఐదు వారాల రీడింగ్‌లు ఇవి, మీ ప్రాక్టీస్ కోసం: 0.8, 0.9, 0.7, 0.8, 0.8.

ఈసారి హద్దు 1.5 తీసుకోకండి, 1.0తో టెస్ట్ చేయండి. హెచ్ నాట్ ఇంటావిడదే. టి −6.32 రావాలి, దాటాల్సింది −2.132. స్లోప్ కూడా కట్టండి, −0.01 వస్తుంది, దాని టి సుమారు −0.4. ఇక్కడ "స్లోప్ సున్నా అని నిరూపించాం" అని రాసినవాళ్లు వీడియో మళ్లీ మొదటి నుంచి చూడాలి.

బావ ఇప్పుడు ప్రతి సోమవారం రీడింగ్ రాసిన కాగితాన్ని ప్లాంట్ తలుపు మీద అంటిస్తున్నాడు. ఆటో మీద ఇంకా ఏం రాయించలేదు. ఐదు వారాలే అయ్యాయి, వానాకాలం కూడా చూద్దాం అంటున్నాడు.