విత్తనంతో పాటు చదువూ పండాలి

1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్‌-8 వంగడాన్ని విడుదల చేసింది. పాత పొడుగు రకాలకు ఎరువు ఎక్కువ వేస్తే పైరు ఏపుగా పెరిగి పడిపోయేది. పొట్టి రకమైన ఐఆర్‌-8 నిలబడి, ఎక్కువ గింజ ఇచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దాన్ని పండించి చూపి ‘మిస్టర్ ఐఆర్‌-8’గా పేరు పొందారు.

పాత వంగడాల సాగుకు తాతల నాటి అనుభవం సరిపోయేది. కొత్తదానికి ఎరువు ఎప్పుడు వేయాలో, నీరు ఎంత పెట్టాలో, పురుగుకు ఏ మందు కొట్టాలో కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఇక్కడే చదువుకు విలువ పెరిగింది.

పేద దేశాల రైతులు తమకున్న వనరులను తెలివిగానే వాడతారనీ, దిగుబడి పెరగాలంటే కొత్త పరిజ్ఞానం, దాన్ని అందుకునే చదువు కావాలనీ ఆర్థికవేత్త థియోడర్ షుల్ట్జ్ 1964లోనే రాశారు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పేద దేశాల్లో జరిగిన 18 అధ్యయనాలను 1980లో లాక్‌హీడ్, జామిసన్, లావ్ పరిశీలించారు. నాలుగేళ్లు బడికి వెళ్లిన రైతుల ఉత్పాదకత సగటున 7 శాతానికి పైగా ఎక్కువని తేలింది. కొత్త పద్ధతులు వస్తున్న చోటే ఈ తేడా బాగా కనిపించింది. హరిత విప్లవ కాలపు మన దేశ గ్రామాలపై ఫోస్టర్, రోజెన్‌జ్వీగ్ 1996లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే చెప్పింది.

మన బడులకు ఇది దగ్గరి విషయం. రాయచూరు, కృష్ణగిరి, రాయగడ, సిరొంచ ప్రాంతాల్లో సాగు చేసే తెలుగు కుటుంబాలకు పొలం అనుభవం తెలుగులో ఉంటుంది. వ్యవసాయ శాఖ కరపత్రం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వస్తుంది. రెండు భాషలూ చదివే పిల్లలే ఆ కరపత్రంలోని విషయాన్ని నాన్నకు విడమరచి చెప్పగలరు. అందుకే ఏ ఒక్క భాషనూ వదలకూడదు.

ఉపాధ్యాయులు ఒక పాఠం ఇలా చెప్పవచ్చు. పురుగుమందు డబ్బాపై ఉండే గుర్తును బోర్డు మీద గీయండి. ఎరుపు రంగు అత్యంత విషం. ఆ తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. నిజం డబ్బాలను మాత్రం పిల్లలచేత తెప్పించవద్దు. తర్వాత లెక్క ఇవ్వండి: హెక్టారుకు 500 మి.లీ. మందు అని ఉంటే ఎకరాకు ఎంత? హెక్టారు దాదాపు రెండున్నర ఎకరాలు. కాబట్టి సుమారు 200 మి.లీ. ఈ లెక్క తెలియనివారు ఎకరానికే 500 మి.లీ. కొడతారు. డబ్బూ పోతుంది, నేలా పాడవుతుంది. సందేహం ఉంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయవచ్చని చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. నాట్లకో, పత్తి తీతకో పిల్లల్ని బడి మాన్పిస్తే ఆ నాలుగు రోజుల కూలి మిగులుతుంది. చదువు, లెక్క రాకపోతే ఆ నష్టం ఏటా, ప్రతి పంటలోనూ కట్టాల్సి వస్తుంది.