ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు: పల్లెబడిలో ఆట చేసే పని

శ్రీ సత్యసాయి జిల్లాలోని నల్లమాడ మండలం 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే కావడం వల్ల, ఆ కొద్దిపాటి వానను నమ్ముకొని వేసే వేరుసెనగ, ఆ పంట చేతికి రాని ఏట బెంగళూరుకు సాగే వలసలే ఈ ప్రాంతపు పల్లెల నడకను నిర్ణయిస్తాయి. ఇటువంటి పల్లెల్లో ప్రాథమిక పాఠశాలలు చాలావరకు చిన్నవి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని చెబుతుంది. కానీ బడి ఎంత చిన్నదైనా తరగతులు మాత్రం ఐదు. ఒక టీచరు మూడు తరగతులను చూసుకోవలసి వచ్చినప్పుడు, 45 నిమిషాల పీరియడులో ఒక్కో తరగతికి నేరుగా దక్కేది 15 నిమిషాలు. మిగిలిన 30 నిమిషాలు పిల్లలు ఏం చేస్తారన్నదే ఆ బడి చదువును తేల్చే ప్రశ్న. పాట, ఆట, పొడుపు కథ, గింజల లెక్క వంటివి పాఠాల మధ్య ఆటవిడుపుగా కనిపించినా, నిజానికి అవే ఇటువంటి బడిని నడిపిస్తాయి.

ఒకే గదిలో, ఒకే టీచరు వేర్వేరు తరగతుల పిల్లలకు ఒకేసారి చదువు చెప్పడాన్ని బహుళ తరగతి బోధన అంటారు. దీనికి ఆధారమైనది కృత్యం, అంటే పిల్లలు చేతులతో, నోటితో, ఒంటితో ఏదైనా చేస్తూ ఒక విషయాన్ని తామే తెలుసుకునేలా ముందుగా అమర్చిన పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ మాట ప్రతి టీచరు నోటా వినిపించేలా చేసింది బ్రిటన్ సాయంతో 1984లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. పిల్లలు చేసి నేర్చుకోవడం, విడిగానూ జట్లుగానూ తరగతి మొత్తంగానూ పనిచేయడం, చుట్టూ దొరికే వస్తువులను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడల మీద ప్రదర్శించడం ఆ పథకం టీచర్లకు నేర్పిన సూత్రాలలో ముఖ్యమైనవి.

చింతగింజలు నేర్పే లెక్కలు

చుట్టూ దొరికే వస్తువులకు కరువు సీమలోనూ కొదవలేదు. చింతగింజలు, గులకరాళ్లు, కానుగ కాయలు, కంది పుల్లలు డబ్బు పెట్టకుండానే తరగతి గదిలోకి వస్తాయి. పది పుల్లలను రబ్బరు బ్యాండుతో కట్టగా కట్టి, మిగిలినవాటిని విడిగా ఉంచే పని ఒకటో తరగతి పిల్లలకు ఆటలాగే తోస్తుంది. అయితే మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు కలిస్తే 34 అని గ్రహించిన పిల్లవాడికి స్థానవిలువ, అంటే అంకె ఉన్న చోటును బట్టి దాని విలువ మారడం, సూత్రం చెప్పకుండానే అర్థమవుతుంది.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలకు బదులు, ఒకవైపు అరగదీసి తెల్లగా చేసిన నాలుగు చింతగింజలు సరిపోతాయి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. రెండు పడినంత తరచుగా అష్టా ఎందుకు పడదన్న సందేహం నాలుగో తరగతి పిల్లలకు ఆడుతూనే కలుగుతుంది. పడిన ప్రతి పందేన్నీ గీత గీసి లెక్కపెట్టించే టీచరు, పెద్ద తరగతుల్లో సంభావ్యతగా వచ్చే విషయానికి అక్కడే పునాది వేసినట్టవుతుంది. వామనగుంటల్లో రెండు వరసల్లో ఏడేసి గుంటలలో గింజలు పంచుతూ పోయే పిల్లలు, చేతిలోని గింజలు ఏ గుంట దగ్గర అయిపోతాయో ముందే చూసుకుంటారు; అది మనసులో చేసే కూడికే.

భాష విషయంలో పాట ఇదే పని చేస్తుంది. చేతులు, ముఖం కదిలిస్తూ పాడే అభినయ గేయంలో మాట, దాని అర్థం ఒకేసారి అందుతాయి కాబట్టి, ఇంట్లో ఉర్దూ గాని, తండాల్లో మాట్లాడే లంబాడీ గాని విని పెరిగిన పిల్లలు కూడా తెలుగు అక్షరం ముందు బెదరకుండా గొంతు కలుపుతారు. పొడుపు కథ విప్పేటప్పుడు ఐదో తరగతి పిల్లలు మూడో తరగతి వాళ్లకు అందించే ఆనవాళ్లు, వర్ణనలో వాళ్లు చేసే సాధన.

  

నిచ్చెన పద్ధతి

విడివిడి కృత్యాలు సరదా పుట్టించగలవు గాని, ఒక క్రమం లేకపోతే చదువును ముందుకు నడపలేవు. ఆ క్రమం కూర్చిన ప్రయోగం నల్లమాడకు ఆగ్నేయంగా, కదిరి దాటి వెళితే వచ్చే మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో జరిగింది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో 1987 నుంచి పనిచేసిన వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఒకే టీచరుండే బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి, వాటిని నిచ్చెన మెట్లలా వరసపెట్టారు. ప్రతి కార్డుకూ ఒక గుర్తు ఉంటుంది. తాను ఏ మెట్టు మీద ఉన్నదో పిల్ల గోడ మీది నిచ్చెనలో చూసుకొని, ఆ గుర్తున్న కార్డు తానే తెచ్చుకొని, టీచరు సాయం కావలసిన జట్టులోనో, తోటి పిల్లల సాయంతో సాగే జట్టులోనో, ఒంటరిగా చేసుకునే చోటనో కూర్చుంటుంది. స్థానిక కథలు, పాటలు, తోలుబొమ్మలు కార్డుల్లో భాగమయ్యాయి; పిల్లలు దుకాణాలు పెట్టి ఊరివాళ్లకు తూచి, కొలిచి అమ్మే మెట్రిక్ మేళాలో ఊరంతా పాల్గొనేది.

ఈ పద్ధతి 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవన కోటె తాలూకాలో ‘నలి-కలి’గా, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లోనూ, తర్వాత తమిళనాడు అంతటా కృత్యాధార విద్యగా విస్తరించింది. 1970లలో కొలంబియా కొండ పల్లెల్లో మొదలైన ‘ఎస్కుయెలా నువేవా’, అంటే కొత్త బడి, ఇటువంటి ఇబ్బందికే ఇటువంటి జవాబు కనుక్కోవడం గమనించదగినది.

వలసకూ ఒక జవాబు

కరువు ప్రాంతంలో ఈ పద్ధతికి మరొక విలువ ఉంది. తల్లిదండ్రులతో వలస వెళ్లి, నెల తర్వాత తిరిగి వచ్చిన పిల్లవాడికి అందరితో కలిసి సాగే పాఠం అందనంత దూరం వెళ్లిపోయి ఉంటుంది. వాడు వెనక బెంచీలో కూర్చొని క్రమంగా బడికి దూరమవుతాడు. నిచ్చెనలో మాత్రం వాడు దిగిన మెట్టు వాడి కోసం అక్కడే ఉంటుంది కనుక, తిరిగి వచ్చిన రోజునే పని మొదలుపెట్టగలడు.

లోపాలూ లేకపోలేదు. కార్డులు చిరిగిపోయాక కొత్తవి రాకపోయినా, టీచరు వాటిని యాంత్రికంగా పంచినా, తనిఖీ రోజున మాత్రమే గింజల పెట్టె తెరిచినా కృత్యం ప్రదర్శనగా మిగిలిపోతుంది. ఈ పద్ధతిలో టీచరు మాటలు తగ్గవచ్చు గాని, ముందు రోజు చేసుకోవలసిన తయారీ పెరుగుతుంది. అందుకే బడికి వచ్చిన తల్లిదండ్రులు గాని, అధికారులు గాని గది నిశ్శబ్దంగా ఉందా అని చూడడం కన్నా, టీచరు మరో జట్టు దగ్గర కూర్చున్నప్పుడు తక్కిన పిల్లలు ఏం చేస్తున్నారో చూడడం మేలు. ఆ సమయంలో గింజలు లెక్కిస్తూ, వాదించుకుంటూ, ఒకరి తప్పు ఒకరు దిద్దుతూ పిల్లలు కనిపిస్తే, ఇద్దరు టీచర్ల బడిలో ఐదు తరగతులూ సాగుతున్నట్టే.