పుట్టగొడుగుల బేరం: ఎండు ధరను పదితో భాగించి చూడాలి

ఇంట్లో ఖాళీగా ఉన్న గదిలో పుట్టగొడుగులు పెంచి, తీరిక వేళల్లో నాలుగు డబ్బులు సంపాదించాలన్న ఉత్సాహం పట్టణాలలో చాలామందికి ఉన్నది. సరదాగా మొదలుపెట్టినా, పంట చేతికి రాగానే వారు వెతుక్కుంటూ వచ్చేది కూరగాయల వర్తకుని వద్దకో, కమీషన్ ఏజెంటు వద్దకో. "రోజూ కొంత తెస్తాను, తీసుకుంటారా?" అని అడుగుతారు. సరుకు స్వభావం తెలియకుండా సరేనన్న వర్తకుడూ, ఆ మాట నమ్ముకొని పెట్టుబడి పెట్టిన పెంపకందారూ ఇద్దరూ నష్టపోయే ప్రమాదం ఉన్నది.

ఏ రకం, ఏ కాలం

తెలుగు ప్రాంతాలలో ఇళ్ళలో పెంచడానికి అనువైనవి ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ముత్యపు చిప్ప పుట్టగొడుగు. 20 నుంచి 30 డిగ్రీల ఉష్ణోగ్రత, గాలిలో నూటికి 80 పాళ్ళకు పైగా తేమ ఉంటే ఇది వరిగడ్డి మీద బాగా వస్తుంది. గడ్డిని నానబెట్టి, వేడినీటిలో శుద్ధిచేసి, నీరు ఓడ్చి, విత్తనంతో పొరలు పొరలుగా పాలిథిన్ సంచులలో నింపుతారు. రెండు మూడు వారాలలో తెల్లని బూజు గడ్డినంతా అల్లుకుంటుంది. ఆపైన కోతలు మొదలై, రెండు మూడు దఫాలుగా దిగుబడి వస్తుంది.

రెండవది పాల పుట్టగొడుగు. ఇది 30 నుంచి 35 డిగ్రీల వేడికి తట్టుకుంటుంది కనుక వేసవికి తగినది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో విడుదల చేసిన ఏ.పి.కె.2 రకంతో దీని సాగు పుంజుకున్నది. సంచులపై శుద్ధిచేసిన మట్టి పొర వేయవలసి ఉంటుంది. పని కొంత ఎక్కువైనా, కోసిన సరుకు ముత్యపు చిప్ప కన్నా ఎక్కువ రోజులు ఆగుతుంది.

బటన్ పుట్టగొడుగు సంగతి వేరు. దానికి ప్రత్యేకంగా మగ్గబెట్టిన ఎరువు, పంట దశలో 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం అవసరం. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ వంటి చలి ప్రదేశాలకు కుదిరిన సాగును మన ఊళ్ళలో చేయాలంటే శీతల యంత్రాలు కావాలి. కరెంటు బిల్లు భరించే పెద్ద సంస్థలకే తప్ప సరదా సాగుకు అది పనికిరాదు.

నూరు సంచుల లెక్క

కిలో ఎండుగడ్డితో నింపిన ముత్యపు చిప్ప సంచి నుంచి సుమారు అరకిలో నుంచి కిలో వరకు పచ్చి సరుకు రావచ్చు. కొన్ని సంచులు ఆకుపచ్చ బూజు పట్టి పోతాయి. అందుచేత సగటున సంచికి 600 గ్రాములు అనుకుందాం. నూరు సంచులకు 60 కిలోలు. నింపింది మొదలు చివరి కోత వరకు రెండు నెలలు పడుతుంది కనుక, వంతులవారీగా సంచులు నింపినవారికి వచ్చేది సగటున రోజుకు ఒక కిలో మాత్రమే. అంటే 200 గ్రాముల ప్యాకెట్లు అయిదు.

కిలో 200 రూపాయల చొప్పున 60 కిలోలకు 12,000 రూపాయలు అని పెంపకందారు లెక్క వేసుకుంటారు. దుకాణదారు నూటికి 20 రూపాయలు మినహాయించుకుంటే చేతికి వచ్చే ధర 160 రూపాయలే. అయిదింట ఒక వంతు అమ్ముడుపోక పాడైతే మిగిలేవి 48 కిలోలు, వాటి విలువ 7,680 రూపాయలు. గడ్డి, విత్తనం, సంచులు, వంటచెరకు, ప్యాకింగు, రవాణాలకు 5,000 పోయిందనుకుంటే రెండు నెలలకు నికరాదాయం 2,680 రూపాయలు. ఇంటివారి కష్టానికి ఇందులో విలువ కట్టలేదు. ఇవి మచ్చుకు వేసిన అంకెలు. ఎవరి ఊరి ధరలు వారు వేసుకొని చూసుకోవచ్చు. కాని అమ్ముడుపోని సరుకు కూడా లాభాన్ని మింగుతుందన్న విషయం ఈ లెక్కలో స్పష్టమవుతున్నది.

నిల్వ ఉండని సరుకు

గుంటూరు మిర్చి అయితే శీతల గిడ్డంగిలో పెట్టి ధర కోసం ఎదురుచూడవచ్చు. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు ఎండబెట్టినది కనుక నెలల తరబడి ఆగుతుంది. పచ్చి ముత్యపు చిప్ప మామూలు వాతావరణంలో ఒక రోజు, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు మాత్రమే ఆగుతుంది. దీనిని పాల వ్యాపారంగా చూడవలసినదే తప్ప గిడ్డంగి సరుకుగా చూడరాదు.

మిగిలినది ఎండబెడితే సరి అని కొందరి ధీమా. పచ్చి పుట్టగొడుగులో నూటికి 90 పాళ్ళు నీరే. పది కిలోలు ఎండితే మిగిలేది సుమారు ఒక కిలో. పచ్చిది కిలో 160కి పోయే చోట, ఎండినది కిలో 1,600 పలికితేనే సరికి సరి. ఎండబెట్టే ఖర్చు దానికి అదనం. పారవేయవలసిన సరుకును కాపాడుకోవడానికి ఎండబెట్టడం మంచిదే గాని, ఎండబెట్టడమే వ్యాపారంగా పెట్టుకొనేముందు కొనుగోలుదారు ఖాయమై ఉండాలి.

తిరిగి కొంటామన్న హామీ

"విత్తనం, సంచులు, శిక్షణ మా వద్ద తీసుకోండి, పంటంతా మేమే కొంటాం" అనే బేరాలలో జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. ఎండు సరుకు కిలో 800 రూపాయలు అంటే వినడానికి పెద్ద మొత్తమే. పదితో భాగిస్తే పచ్చి సరుకుకు కిలో 80 రూపాయలు! సామగ్రి అమ్మిన రోజునే లాభం చేతికి వచ్చినవారికి, పంట కొనవలసిన తొందర ఉండదు. హామీ పచ్చి సరుకుకా, ఎండు సరుకుకా, తేమ ఎంతవరకు అంగీకరిస్తారు, డబ్బు ఎన్ని రోజులలో ఇస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. హిమాలయ అడవులలో దొరికే గుచ్చి వేల రూపాయలు పలుకుతున్నది గదా అని చూపిస్తే నమ్మరాదు. అది అడవిలో ఏరితెచ్చే అరుదైన సరుకు. ఆ ధరకూ గడ్డి మీద పెరిగే రకాలకూ పొంతన లేదు.

వర్తకులు చూసుకోవలసినవి

పచ్చి సరుకు అంచులు లోపలికి వంగి, పొడిగా, చీలకుండా ఉండాలి. తూకం కోసం కోతకు ముందు నీళ్ళు చల్లిన సరుకు తొందరగా కుళ్ళుతుంది. పసుపు రంగు తిరిగినా, పుల్లని వాసన వచ్చినా తీసుకోరాదు. ఎండు సరుకు విరిస్తే పెళుక్కున విరగాలి. వంగితే తేమ ఉన్నట్లే. బస్తాలో బూజు పడుతుంది. వానాకాలంలో గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక గాలి చొరని ప్యాకింగు తప్పనిసరి. తొలకరికి పుట్టల మీద లేచే పుట్టకొక్కులను, అడవిలో ఏరిన ఇతర రకాలను సాగు సరుకుతో కలపనివ్వరాదు. విషపు రకం ఒక్కటి కలిసినా ప్రాణాలకే ముప్పు.

కొత్తగా వచ్చిన పెంపకందారుకు మొదట రోజుకు అయిదు ప్యాకెట్ల ఆర్డరు ఇచ్చి, పక్షం రోజులు అమ్మకం చూసి, ఆపైన పెంచుకోవడం ఉభయులకూ క్షేమం. మిగులు సరుకు నష్టం ఎవరిదో ముందే తేల్చుకోవాలి. పెంపకందారు సైతం కొనేవారిని చూసుకున్న తరువాతనే రెండో నూరు సంచులు నింపడం మేలు. ఈ సరుకు మరుసటి రోజు ధర కోసం ఆగదు.