చల్లపల్లి రాజావారి వంశవృక్షానికి కొమ్మలెందుకు తక్కువ?

బందరు నుంచి అవనిగడ్డ వెళ్ళే దారిలో చల్లపల్లి వస్తుంది. ఊళ్ళో రాజావారి కోట ఇప్పటికీ ఉంది. వాళ్ళ ఇంటిపేరు యార్లగడ్డ, జమీందారీ పేరు దేవరకోట. రాజుల వంశవృక్షం కదా, అన్నీ రాసి పెట్టే ఉంటారులే అనుకుంటాం. రాశారు, నిజమే. కానీ దేనికోసం రాశారన్నది చూడాలి.

ముందు పేర్ల తిప్పలు. తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు. ఈ ఇంట్లో దానికి తోడు చివర 'ప్రసాద్' కూడా తగులుతుంది. పాత కాగితం మీద 'అంకినీడు ప్రసాద్' అని కనబడితే, అది ఏ తరమో పేరును బట్టి చెప్పలేం. తేదీ చూడాలి, తండ్రి పేరు చూడాలి.

అసలు కథ ఆస్తిలో ఉంది. మామూలు ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములుంటే తలా మూడో వంతు వస్తుంది. తరానికి ముగ్గురు చొప్పున లెక్కేస్తే మూడో తరానికి ఒక్కొక్కరికి మిగిలేది 27వ వంతు. జమీందారీ అలా ముక్కలైతే సర్కారుకి పేష్కషు కట్టేదెవరు? దేవరకోటలో ఈ గొడవ లండన్ దాకా పోయింది. యార్లగడ్డ మల్లికార్జున ప్రసాద నాయుడు, దుర్గా ప్రసాద నాయుడు మధ్య వ్యాజ్యంలో, వంశాచారం ప్రకారం ఈ జమీందారీని పంచడానికి వీల్లేదని 1890లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. పెద్దవాడికి గద్దె, మిగతావాళ్ళకి భరణం. ఆ భరణం మీద కూడా తగువు నడిచింది, 1900లో మళ్ళీ అక్కడికే చేరింది.

డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ట్రీ కాస్తా లింక్డ్ లిస్ట్ అయిపోయింది. గద్దెక్కినవాడి పేరు నిలిచింది. తమ్ముళ్ళు కోర్టుకెక్కారు కాబట్టి కనబడుతున్నారు. సర్దుకుపోయిన తమ్ముళ్ళని ఎవరు రాస్తారు? ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మధ్యయుగపు ఇంగ్లండులోనూ వంశాల గుట్టు భూమి కాగితాల్లోనే ఉండేది. రాజు నుంచి నేరుగా భూమి పొందినవాడు చనిపోతే, అధికారి వచ్చి చుట్టుపక్కలవాళ్ళని కూర్చోబెట్టి, వారసుడెవరు, వయసెంత అని అడిగి రాసుకునేవాడు. కొడుకులు లేకపోతే కూతుళ్ళంతా సమానంగా పంచుకునేవాళ్ళు. అందుకే అక్కడ కొన్ని ఇళ్ళలో ఆడపిల్లల పేర్లు కూడా మిగిలాయి.

మన దగ్గర 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ గద్దె పోయింది. ఆఖరి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారు తర్వాత ఎన్నికల్లో నిలబడి ఎమ్మెల్యే అయ్యారు. అంతకు ముందే ఆ ఎస్టేటు భూముల కోసం పోరాడిన రైతులు, కూలీలు ఉన్నారు. వాళ్ళ తాతల పేర్లు ఏ ప్రివీ కౌన్సిల్ తీర్పులోనూ ఉండవు.

జమీందార్లు కానివాళ్ళ వంశాల్ని నోటితో మోసింది పిచ్చుకుంట్లవాళ్ళు. ఇంటింటికీ వచ్చి గోత్రాలు, వంశాలు చెప్పేవాళ్ళు. ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో ఆ కులం పేరు 'వంశరాజ్'. పేరు బాగానే కుదిరింది గానీ, వచ్చి చెప్పేవాళ్ళే కరువయ్యారు.

మీ ఇంటి సంగతి కావాలంటే ముందు నానమ్మనీ అమ్మమ్మనీ అడగండి. తర్వాత బీరువాలో పాత దస్తావేజులు తీయండి, ప్రతిదాంట్లో తండ్రి పేరు ఉంటుంది. ఇంటి ఆడపడుచులు ఎక్కువగా దొరికేది మాత్రం పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చిన కాగితాల్లోనే.