ప్రేవులలోని ఈస్టు - మన భోజనము

రొట్టెపిండి పొంగుటకును, కల్లు నురగలెత్తుటకును కారణమైన ఈస్టును మనమెఱుగుదుము. ఆ తెగకు చెందిన మఱియొక సూక్ష్మజీవి ఆరోగ్యవంతులలో పెక్కండ్ర నోటను, ప్రేవులలోను కాపురముండును. దాని పేరు కాండిడా. అది యున్నంతమాత్రమున రోగము కాదు. ప్రేవులలో కోట్లకొలదిగానున్న బాక్టీరియములు చోటునాక్రమించి, ఆహారమును తామే వాడుకొని, ఆమ్లములను పుట్టించి దానిని అదుపులోనుంచును. వాని బలము తగ్గినను, దేహమునందలి రోగనిరోధకశక్తి సన్నగిల్లినను ఈస్టు విజృంభించును.

ఈ సంగతి వైద్యులకు బాగుగ తెలిసివచ్చినది ఒక గొప్ప విజయము వెంబడినే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యుండగా, అచటనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసినును కనుగొనిరి. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. పలుజాతుల బాక్టీరియములను అణచు ఆ మందు ఎందఱి ప్రాణములనో నిలిపినది. కాని అట్టి మందునకు మిత్రులెవరో శత్రువులెవరో తెలియదు. ఈస్టు బాక్టీరియము కాదు గనుక దానికేమియు కాలేదు. ఈ తరగతి మందులు వాడిన కొందఱి నోట విఱిగిన పాలవంటి తెల్లని పొర కానవచ్చెను. 1950లో న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖకు చెందిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను విదుషీమణులు ఈస్టును చంపు మందును ప్రకటించిరి. ఆ రాష్ట్రము పేరిటనే దానికి నిస్టాటిన్ అని పేరు వచ్చినది.

ఇక భోజనము మాట. చక్కెర మానినచో ఈస్టు ఆకలితో చచ్చునని పలువురు చెప్పుదురు. 1983లో అమెరికా వైద్యుడు విలియం క్రూక్ వ్రాసిన గ్రంథముతో ఈ మాటకు విశేషప్రచారము కలిగినది. విషయము అంత సులభము కాదు. మనము తిను చక్కెరలో అధికభాగము చిన్నప్రేవులోనే రక్తమున కలిసిపోవును. ఆరోగ్యవంతులకు చక్కెర హెచ్చుగా నిచ్చి చూచిన పరిశీలన యొకటి 1999లో వెలువడినది; వారి ప్రేవులలోని ఈస్టునందు చెప్పుకొనదగిన మార్పు కానరాలేదు. మధుమేహము గలవారి సంగతి వేఱు. రక్తమున చక్కెర అదుపు తప్పినచో ఈస్టు వ్యాధులు వారికి సులభముగ సోకును.

కావున ఈస్టును పస్తుంచుటకంటె, దానికి కాపలాయున్న బాక్టీరియములకు కడుపునిండ పెట్టుట యుక్తమని నా అభిప్రాయము. మనకు జీర్ణము కాని పీచే వానికి విందు. పెసలు, అలసందలు, తోటకూర, గోరుచిక్కుడు, జొన్నరొట్టె, దంపుడుబియ్యము - వీని పీచు పెద్దప్రేవు చేరి, పులిసి, ఆమ్లములగును. ఆ ఆమ్లములు ఈస్టు పోగులు సాచుటను మందగింపజేయునని ప్రయోగశాలలలో తేలినది. మరపట్టిన తెల్లని అన్నము, ఊరగాయ, చారు - ఇంతటితో సరిపెట్టు భోజనమున ఈ పీచు మిక్కిలి తక్కువ.

పెరుగుపై మెచ్నికాఫ్ పండితుడు గొప్ప ఆశలు పెట్టుకొనెను. పెరుగన్నము లేక చేయి కడుగని మనకు ఆ మాట చెవికింపుగానుండును. పెరుగు మంచిదే, కాని దానిలోని బాక్టీరియములు చాలవఱకు ప్రేవులలో స్థిరపడవు, కొలదిదినములలో వెడలిపోవును. ఒకనాడు కుండెడు తినుటకంటె నిత్యము గరిటెడు మేలు. పులిసిన పిండి యని ఇడ్లీని మానువారు కలరు. ఆవిరిపై ఉడికినంతనే అందలి ఈస్టు చచ్చును.

జలుబునకు వైరసు కారణము. దానికై బాక్టీరియములను చంపు మాత్రలను అంగడిలో అడిగి కొని మ్రింగువారికి ఏ పథ్యమును అక్కఱకు రాదు. నోట తెల్లని పొర యేర్పడి, మ్రింగునపుడు నొప్పి కలిగినచో పెరుగును నమ్ముకొని కాలయాపన చేయక, ఆనాడే వైద్యుని చూడవలెను.